క్లబ్బు చరిత్రలో గడ్డికీ చోటివ్వాలి

సంపాదకులకు,

లాన్ బౌల్స్ (పచ్చికపై బంతులు దొర్లించి ఆడే ఆట) క్లబ్బుల చరిత్ర రాసేవారు అధ్యక్షుల పేర్లు, గెలిచిన కప్పులతో పుస్తకం ముగిస్తున్నారు. మైదానం ఊసే ఉండదు. ఇది చాలా పెద్ద లోటు.

ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ మైదానం 1299 నాటిదని చెబుతారు. కానీ ఈ ఆట ఊరూరా పాకింది 19వ శతాబ్దంలోనే. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కోసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అంతవరకూ కొడవళ్లు, గొర్రెలే దిక్కు. 1840ల చివర్లో గ్లాస్గో న్యాయవాది మిచెల్ నియమాలను ఒక దారికి తెచ్చాడు.

ఈ ఆటలో దొర్లించే బంతి, అంటే బౌల్, ఒక పక్కకు వంగి దొర్లేలా చెక్కి ఉంటుంది. వేగం తగ్గేకొద్దీ ఆ వంపు పెరుగుతుంది. అందుకే జాక్ (గురిగా పెట్టే చిన్న బంతి) దగ్గర చిన్న మిట్ట ఉన్నా గురి తప్పుతుంది. చచ్చిన గడ్డి వేళ్ల దగ్గర మెత్తలా పేరుకుంటే నీరు నిలుస్తుంది, బౌల్ నెమ్మదిస్తుంది. వేగం కోసం రోలర్ మరీ ఎక్కువగా తిప్పితే నేల బిగుసుకుపోయి వేళ్లు లోతుకు దిగవు. రంధ్రాలు పొడిచి ఇసుక నింపడమే మందు. అయితే ఏటా వేరే రకం ఇసుక పోస్తే పొరలు విడిపోయి, వేళ్లు అక్కడే ఆగిపోతాయి.

కాబట్టి ఏ సంవత్సరం ఏ ఇసుక, ఎంత వేశారు, రింక్‌లను (మైదానంలో ఆట సాగే పట్టీలను) ఎప్పుడు ఏ దిశకు మార్చారు అన్నవి క్లబ్బు చరిత్రలో తప్పక ఉండాలి. పాత మినిట్స్ పుస్తకాల్లో, కొనుగోలు రసీదుల్లో ఇవి దొరుకుతాయి. దయచేసి వాటిని చిత్తు కాగితాల కింద పారేయకండి.

ఇట్లు,
ఒక పాఠకుడు