చిన్నీకి, ఇంకు ప్యాడ్ల గురించి

చిన్నీ,

నువ్వు చేసే కార్డులకీ ట్యాగులకీ స్టాంపులు కొట్టడానికి ఏ ఇంకు ప్యాడ్లు కొనాలని నిన్న ఫోన్లో అడిగావు, సరిగ్గా జవాబు చెప్పలేదు. స్కూళ్లు తెరిచే రోజులు కదా, కొట్లో ఊపిరాడటం లేదు. పైగా ఇలాంటివి ఫోన్లో చెబితే నువ్వు ఊఁ కొడతావు తప్ప ఒక్క ముక్కా చెవికెక్కించుకోవు, అచ్చం మీ అమ్మ పోలిక. అందుకే కొట్టు కట్టేశాక కూర్చుని రాస్తున్నాను.

ముందు నువ్వు ఆన్‌లైన్లో చూసిన ఆ 24 రంగుల ప్యాడ్ల సెట్టుని కార్ట్‌లోంచి తీసెయ్. ప్యాడ్ కొనేటప్పుడు మొదట చూడాల్సింది పైన రంగు కాదు, లోపలున్న ఇంకు ఏ రకం అన్నది. ఏ కాగితం మీద కొడతావు, కొట్టాక దాని మీద ఇంకేమన్నా పూస్తావా, అది ఎన్నాళ్లు నిలవాలి, ఇవి తేల్చుకుంటే నాలుగు ప్యాడ్లతో నీ పనంతా నడుస్తుంది. చవగ్గా వచ్చే ఆ పెద్ద సెట్లలో చాలావాటి మీద ఏ ఇంకో కూడా రాయరు, రీఫిల్ సీసాలు దొరకవు, ఎండిపోతే పారేయడమే.

రంగులెయ్యబోతే పాడైన నీ తామరపువ్వు ముద్ర సంగతికొస్తా. నువ్వు వాడింది మన కొట్లోంచి పట్టుకెళ్లిన నల్ల ఆఫీసు ప్యాడే కదా? కోరెస్ అయినా కామ్లిన్ అయినా, బ్యాంకులకీ ఆఫీసులకీ మనం అమ్మే మామూలు ప్యాడ్లలో ఉండేది నీళ్లలో కరిగే డై ఇంకు, తొందరగా ఎండకుండా గ్లిజరిన్ లాంటిది కలిపి ఉంటుంది. రసీదు మీద టక్కున కొట్టి అవతల పడేసే పనికి చేసిన సరుకది. కాగితంలోకి ఇంకిపోయి ఆరినట్టే కనిపిస్తుంది కానీ తడి కుంచె తగలగానే మళ్లీ లేచి పారుతుంది, నీ పువ్వు బూడిద రంగు మడుగైపోయింది అందుకే. దానికి ఎండ కూడా పడదు. మన కొట్టు గోడకున్న లైసెన్సు ఫ్రేము ఈసారి వచ్చినప్పుడు దగ్గరికెళ్లి చూడు, వీధి వైపు వెలుగు పడే సగం సీలు వెలిసిపోయి గులాబీ మరకలా మిగిలింది, లోపలి వైపు సగం మాత్రం ఇంకా ఊదాగానే ఉంది, అక్షరాలు చదవొచ్చు. పెళ్లి ఆల్బమ్‌లో అతికించే పేజీ మీద ఆ ఇంకు వాడితే ఏమవుతుందో నువ్వే ఊహించుకో.

అలాగని డై ఇంకంతా పనికిరాదని కాదు. క్రాఫ్ట్ కోసం చేసినవి వేరే ఉన్నాయి. మెమెంటో అని జపాన్ కంపెనీ త్సుకినెకో వాళ్లది, దాంతో గీత కొట్టి ఆరనిచ్చి ఆల్కహాల్ మార్కర్లతో రంగులేస్తే గీత చెదరదు. అదే వాటర్ కలర్ అయితే దానికి ఆర్కైవల్ అని రాసి ఉన్నది తీసుకో, రేంజర్ వాళ్లది బాగుంటుంది, ఆరాక నీళ్లు పోసినా కదలదు. ఆ రెండూ తారుమారు చెయ్యకు. డిస్ట్రెస్ ఇంకు అనేది మూడోది, అది నీళ్లు తగిలితే పారడానికే చేసింది, పాత ఉత్తరంలా అంచులు మసకబారినట్టు చెయ్యాలంటే అది, గీతలకి కాదు. యూట్యూబ్‌లో చూసి ముచ్చటపడి అదే మొదట కొంటారు చాలామంది, తర్వాత ముద్ర పారిపోతోందని ఏడుస్తారు.

ఇక పిగ్మెంట్ ఇంకు. చిక్కగా, కాటుకలా ఉంటుంది, కాగితంలోకి దిగకుండా పైనే కూర్చుంటుంది. నువ్వు ట్యాగులకి తెచ్చుకున్న గోధుమ రంగు క్రాఫ్ట్ పేపర్ మీద తెల్ల ముద్ర రావాలంటే ఇది వాడాలి, డై ఇంకులు ఆ కాగితం మీద మట్టి కొట్టుకుపోయినట్టుంటాయి. వెలుగుకి కూడా ఇదే ఎక్కువ కాలం ఆగుతుంది. చిక్కల్లా ఆరడానికే. మామూలు కార్డు మీదే టైం పడుతుంది, వానాకాలం మన బందరు గాలికైతే ఇంకా ఎక్కువ, నున్నటి గ్లాసీ పేపర్ మీద అసలు ఆరనే ఆరదు. లోపలి పేజీ మీద కొట్టి కార్డు మూసేశావనుకో, ఎదుటి పేజీ మీద ఇంకో ముద్ర పడి ఉంటుంది.

పంచాయతీ ఎన్నికల్లో బ్యాలెట్ పేపర్ ఇలా మడవండి, అలా మడవండి అని చెప్తూ ఉంటారు చూడు, అదీ ఈ గొడవే. నువ్వు ఒక గుర్తు మీద ముద్ర వేసి తడిగా ఉండగానే మడిస్తే పక్కనున్న గుర్తు మీద కూడా అంటుకుంటుంది. అయితే ఆ స్వస్తిక్ ముద్ర తిరిగే దిక్కు చూడు, అంటుకున్నది అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది కాబట్టి ఏది కొట్టిందో ఏది అంటిందో లెక్కించేవాళ్లకి తెలిసిపోతుంది. నీ కార్డుకి ఆ సౌకర్యం లేదు, కస్టమర్ మొహం మీదే చెప్పేస్తుంది.

ఆరకపోవడమే కావాల్సిన పని కూడా ఒకటుంది, ఎంబాసింగ్. తడి పిగ్మెంట్ ముద్ర మీద గానీ, వెర్సామార్క్ లాంటి రంగులేని జిగురు ప్యాడ్‌తో కొట్టిన ముద్ర మీద గానీ ఎంబాసింగ్ పొడి చల్లి, మిగిలింది దులిపేసి, హీట్ గన్ పెడితే పొడి కరిగి బంగారు రేకు అతికించినట్టు ఉబ్బెత్తుగా వస్తుంది. హెయిర్ డ్రయ్యర్ పెట్టకు, దాని గాలికి పొడి లేచిపోతుంది, కరిగేంత వేడీ రాదు. ముందు కాగితం మీద కొంచెం టాల్కం పౌడర్ పల్చగా రుద్ది దులుపు, లేకపోతే నీ వేలి చెమ్మ తగిలిన చోటల్లా బంగారు చుక్కలే.

ప్లాస్టిక్ కుంకుమ డబ్బీల మీద పేర్లు కొట్టాలన్నావు. వాటికి పైవేవీ పనికిరావు, స్టేజాన్ లాంటి సాల్వెంట్ ఇంకు కావాలి, గాజు మీదా రేకు మీదా కూడా పట్టుకుంటుంది. వాసన గట్టిగా ఉంటుంది, కిటికీ తీసి కూర్చో. దాని క్లీనర్ విడిగా కొనాల్సిందే, నీళ్లకి పోదు. నీ దగ్గరున్న పారదర్శకమైన మెత్తటి స్టాంపులకి ఇది వాడకు, నాలుగు రోజులు పోయాక అవి పాడవుతాయి, రబ్బరు స్టాంపు ఒకటి చేయించి పంపుతాను.

ఇంకు ఎక్కించడంలో నీ చెయ్యి బరువు, ఫోటోల్లోనే తెలుస్తోంది, గీతల చుట్టూ మరకలు, స్టాంపు అంచు కూడా పడుతోంది. చిన్నప్పుడు పెడన తీసుకెళ్లాను గుర్తుందా, కలంకారీ అద్దేవాళ్లు ట్రేలో రంగుతో తడిసిన గుడ్డ మడతల మీద చెక్క అచ్చుని ఊరికే తాటించి తీస్తారు, నొక్కరు. బలం అంతా తర్వాత, బట్ట మీద పెట్టాక పిడికిలితో ఒక్క పోటు. నువ్వు సరిగ్గా దానికి వ్యతిరేకం చేస్తున్నావు. స్టాంపు పెద్దదైతే దాన్ని బల్ల మీద వెల్లకిలా పెట్టి, ప్యాడ్‌నే చేత్తో పట్టుకుని దాని మీద తట్టు, ఎక్కడ అందలేదో కంటికి కనిపిస్తుంది. కాగితం కింద పాత మౌస్ ప్యాడ్ వేసుకో. కొత్త క్లియర్ స్టాంపు మీద ఇంకు బొట్లు బొట్లుగా నిలిస్తే ఇంకు తప్పు కాదు, దాని మీద తయారీ జిడ్డు ఉంటుంది, పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దితే సరి.

ప్యాడ్ మూత టక్కుమనే దాకా నొక్కాలి. ఇది మీ అమ్మకి నేను పాతికేళ్లుగా చెప్తున్నా, ఈ రోజుకీ సగం మూసి వదిలేస్తుంది. ప్యాడ్లని పుస్తకాల్లా నిలబెట్టి సర్దకు, ఇంకు ఒక పక్కకి దిగిపోయి సగం ముద్ర చిక్కగా సగం వెలవెలబోతూ పడుతుంది. బల్లపరుపుగా పడుకోబెట్టు, ఫెల్ట్ ఉన్న డై ప్యాడ్లయితే బోర్లా పెట్టినా మంచిదే, ఇంకు పైపొరలోనే ఉంటుంది. మీ బాల్కనీ పక్క షెల్ఫ్ మీద మాత్రం వద్దు, ఏప్రిల్‌కల్లా అట్టలైపోతాయి. పసుపు, లేత గులాబీ లాంటి ప్యాడ్ల మీద నల్ల ఇంకు అంటిన స్టాంపు ఆనించావంటే ఆ మరక పోదు, కాబట్టి లేత రంగు ముందు, ముదురు తర్వాత, మధ్యలో స్టాంపుని తడిగుడ్డతో తుడుచుకో. చెక్క పిడి ఉన్నవాటిని నీళ్లలో నానబెట్టకు, జిగురు ఊడొస్తుంది.

ప్యాడ్ ఎండితే నీళ్లు చల్లే అలవాటు మన కొట్టుకొచ్చే గుమస్తాలందరికీ ఉంది. నీళ్లు పోస్తే ఇంకు పల్చబడుతుంది, బూజు కూడా పట్టొచ్చు. అదే కంపెనీ, అదే రకం రీఫిల్ సీసా తెచ్చుకుని కొన్ని చుక్కలు అక్కడక్కడా వేసి, పాత ఏటీఎం కార్డు అంచుతో పరిచి, మూత పెట్టి రాత్రంతా వదిలెయ్. పొద్దున్నే రఫ్ కాగితం మీద ఒకటి రెండు కొట్టి చూశాకే మంచి కార్డు తియ్యి. డై ప్యాడ్‌లో పిగ్మెంట్ ఇంకు పొయ్యకు, రెండూ పోతాయి.

కాబట్టి ఇప్పటికి ఆర్కైవల్ నలుపు, తెల్ల పిగ్మెంట్, వెర్సామార్క్, నీకిష్టమైన రంగు డై ప్యాడ్ ఒకటి కొనుక్కో. స్టేజాన్ ఇప్పుడే కొనకు, డబ్బీల ఆర్డరు ఖాయమైతే చెప్పు, మనకి సరుకు వేసే ఆయన్ని అడిగి దాని క్లీనర్‌తో సహా తెప్పిస్తాను. ట్యాగుల కాగితం ఎన్ని జీఎస్సెమ్మో, అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో రాయి, గరుకో నున్ననో తెలిసేలా ఒక ఫోటో పెట్టు, చేత్తో పట్టుకుని దగ్గరగా తియ్యి. ఆ డబ్బీల మీద పడాల్సిన పేర్లు తెలుగులోనా ఇంగ్లీషులోనా అన్నది కూడా రాయి. తెలుగైతే వత్తులు పూడుకుపోకుండా స్టాంపు కాస్త పెద్ద సైజులో చేయించాలి.

నాన్న