దసరా తర్వాత నా దగ్గర సీడీఐ బాక్సు మార్పించుకున్న వాళ్ళందరికీ

అన్నలకీ, బాబాయిలకీ, మేస్టార్లకీ నమస్కారం. విషయం ముందే చెప్పేస్తాను. దసరా తర్వాత భీమవరంలో మన షెడ్‌లో సీడీఐ బాక్సు, అంటే ప్లగ్గుకి నిప్పు కొట్టించే కరెంట్ డబ్బా, మార్పించుకున్న బళ్ళన్నీ ఒకసారి వెనక్కి తీసుకురండి. ఆ బాక్సులు కొన్ని వేడెక్కితే పనిచేయడం మానేస్తున్నాయి. బండి బాగా నడుస్తున్నా సరే తీసుకురండి. ఉన్న బాక్సు తీసేసి కంపెనీది వేస్తాను, మీరు ఇంకో రూపాయి ఇవ్వక్కర్లేదు. మీది ఆ బాక్సేనా అని అనుమానముంటే సైడ్ కవర్ తీసి చూడండి. నేను వేసిన ప్రతి బాక్సు మీదా పెయింట్ చుక్క పెట్టడం నాకు అలవాటు. దసరా దాకా తెల్ల చుక్క పెట్టేవాణ్ణి, తెల్ల పెయింట్ అయిపోతే పసుపుది కొన్నాను, అలా కలిసొచ్చింది. పసుపు చుక్క ఉంటే రండి. తెల్ల చుక్క ఉంటే భయం లేదు. అసలు చుక్కే లేదంటే అది నేను వేసింది కాదు, వేసిన వాళ్ళనే అడగండి.

ఇది రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది, దాచడం దేనికి. టీ కొట్టు దగ్గర ఒకాయన "వీడికి ఇంజన్ పని వచ్చుగానీ కరెంట్ పని రాదు, ఊరికే బాక్సులు మార్చేస్తాడు" అన్నాడట. మా నాన్న రాజ్‌దూత్‌లకి నిప్పు కొట్టించే ప్లాటినం పాయింట్లు గీకి గ్యాప్ పెడుతుంటే పక్కన కూర్చుని టార్చిలైటు పట్టుకున్నవాణ్ణి నేను. నోటికొచ్చింది అనేవాళ్ళని ఆపలేం కానీ, బళ్ళు నా చేతిలో పెట్టిన మీకు మాత్రం ఏం జరిగిందో తెలియాలి.

తిరిగొచ్చిన బళ్ళన్నిటిదీ ఒకటే జబ్బు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఒక్క కిక్కుకే స్టార్ట్ అవుతుంది. ఉండి దాటి ఆకివీడు వైపు వెళ్ళేసరికి మిస్ కొట్టడం మొదలెడుతుంది, ఇంకాస్త దూరం వెళ్ళాక ఆగిపోతుంది. పావుగంట చెట్టు కింద పెట్టి మళ్ళీ కిక్కు కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. షెడ్‌కి తెచ్చేసరికి బాగానే ఉంటుంది. మెకానిక్‌కి ఇంతకంటే చిరాకు పుట్టించే జబ్బు లేదు, ఎందుకంటే చూపించమంటే చూపించదు.

ఇలాంటి బండి వస్తే నేను ముందు చూసేది పెట్రోల్ ట్యాంకు మూత. మూతకుండే గాలి రంధ్రం మూసుకుపోయినా అచ్చం ఇలాగే ఆగుతుంది, మూత తీసి పెడితే మళ్ళీ నడుస్తుంది. అది కాదనుకున్నాక ప్లగ్గు విప్పి తడిగా ఉందా పొడిగా ఉందా చూస్తా. తడిగా ఉంటే పెట్రోల్ వస్తోంది కానీ అంటుకోవట్లేదని, అంటే గొడవ కరెంట్ వైపు ఉందని. అప్పుడు కిల్ స్విచ్, తాళం లాక్ దగ్గర వైర్లు, హ్యాండిల్ తిప్పేచోట వైరింగ్ నలిగిందా, వైర్లని కలిపే కప్లర్లలో చిలుము పట్టిందా చూస్తా. మన చెరువుల ఉప్పు గాలికి సగం బళ్ళలో కప్లర్ పిన్నులు పచ్చబడి ఉంటాయి. ఆ తర్వాత ప్లగ్ క్యాప్, ప్లగ్గుకి వోల్టేజ్ పెంచి పంపే హెచ్‌టీ కాయిల్, నిప్పు ఎప్పుడు కొట్టాలో బాక్సుకి చెప్పే, మ్యాగ్నెట్ పక్కనుండే పల్సర్ కాయిల్. వీటిని మీటర్ పెట్టి చూడొచ్చు, అదీ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కాక ఒకసారి. చల్లగా ఉన్నప్పుడు రీడింగ్ బాగానే చూపించి, వేడికి లోపల తీగ తెగిపోయే కాయిళ్ళు నేను చాలా చూశాను.

సీడీఐ బాక్సు మాత్రం మీటర్‌కి దొరకదు. లోపల కెపాసిటర్‌లో రెండు మూడు వందల వోల్టులు నిండుతాయి, పల్సర్ కాయిల్ నుంచి సిగ్నల్ రాగానే అదంతా, నిండిన కుండని ఒక్కసారి బోర్లించినట్టు, హెచ్‌టీ కాయిల్‌లోకి దిగిపోతుంది. కాయిల్ దాన్ని వేల వోల్టులకి పెంచి ప్లగ్గుకి కొడుతుంది. ఇంజన్ నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుంటే ఈ బళ్ళలో ఈ తంతు సెకనుకి 100 సార్లు జరుగుతుంది. ఇంత పని లోపల జరుగుతుంటే బయటి పిన్నుల మధ్య ఓమ్స్ చూసి ఏం చెప్తాం? బాగుందని తెలిసిన ఇంకో బాక్సు పెట్టి చూడ్డం తప్ప మామూలు షెడ్‌లో వేరే దారి లేదు. అందుకే నా సొంత బండి బాక్సు ఎప్పుడూ విప్పడానికి రెడీగా ఉంటుంది.

ఇంకో మాట. "ప్లగ్గు బయట పెడితే నిప్పు కొడుతోంది కదా, ఇంకేంటి" అని చాలామంది అంటారు. బయటి గాలిలో కొట్టడం తేలిక. సిలిండర్ లోపల కంప్రెషన్‌లో అదే గ్యాప్‌ని దూకాలంటే ఇంకా ఎక్కువ వోల్టేజ్ కావాలి. బయట సన్నగా, నారింజ రంగులో కొట్టేది లోపల కొట్టకపోవచ్చు. నీలంగా, టప్ టప్ మని చప్పుడు వినపడాలి. అలాగని మీరు ఇంట్లో ప్లగ్గు గాల్లో వేలాడదీసి కిక్కులు కొట్టకండి. ప్లగ్గు ఇంజన్ బాడీకి ఆనకపోతే కరెంట్ పోయే దారి లేక కాయిలో బాక్సో పోతుంది. చుట్టుపక్కల పెట్రోల్ కారి ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మొదటి బండి తిరిగొచ్చినప్పుడు ఇవన్నీ వరసగా చూశాను. రెండోది వచ్చినప్పుడు మళ్ళీ చూశాను. మూడోదానికి నాకు నిద్ర పట్టలేదు. ఆ రాత్రి మా ఆవిడ హెయిర్ డ్రయర్ తెచ్చి, షట్టర్ సగం దించి, లైటు ఆపి, మా మేనల్లుణ్ణి కిక్కు కొట్టమన్నాను. ప్లగ్గు హెడ్డుకి ఆనించి పట్టుకుని బాక్సు మీదకి వేడి గాలి వదిలాను. మొదట నీలం నిప్పు బాగానే కొట్టింది. కాసేపటికి సన్నబడింది, ఒకటి కొట్టి ఒకటి మానడం మొదలెట్టింది, తర్వాత వాడు ఎన్ని కిక్కులు కొట్టినా చీకటే. నా బండి బాక్సు పెట్టి అంతే వేడి ఇచ్చాను, చెక్కు చెదరలేదు. అంటే వైరింగ్ బాగుంది, కాయిల్ బాగుంది, నా ఫిట్టింగ్ బాగుంది. దొంగ ఎవరో తేలిపోయింది.

పొద్దున్నే అట్టపెట్టెలో మిగిలిన కొత్త బాక్సొకటీ, అంతకుముందు లాట్‌లో మిగిలిన పాతదొకటీ పట్టుకుని పక్కనున్న బంగారం కొట్టుకి వెళ్ళి త్రాసులో పెట్టించాను. పేరు ఒకటే, ప్యాకింగ్ ఒకటే, వైర్ రంగులు ఒకటే. కొత్తది మూడో వంతు బరువు తక్కువ తూగింది. కొట్టాయన నవ్వి "ఇదీ రోల్డ్ గోల్డేనా" అన్నాడు. షెడ్‌కి తెచ్చి స్క్రూ డ్రైవర్‌తో వెనక పోసిన నల్ల రెసిన్ తవ్వాను. పాతదానిలో రెసిన్ అడుగు దాకా గట్టిగా నిండి ఉంది. కొత్తదానిలో పైన ఒక పొర, కింద ఖాళీ. బోర్డు లోపల ఆడుతోంది. పిన్ను దగ్గర సోల్డర్ చుట్టూ వెంట్రుకంత గీత, గుండ్రంగా, భూతద్దంలో స్పష్టంగా కనపడింది. బండి వేడెక్కితే ఆ గీత విడిపోతుంది, చల్లారితే అతుక్కుంటుంది. మీ బండి పావుగంట ఆగి స్టార్ట్ అవడానికి కారణం అదే.

సరుకిచ్చిన హోల్‌సేల్ షాపు పేరు ఇక్కడ రాయను. మా నాన్న కాలం నుంచీ వాళ్ళ దగ్గరే తెస్తున్నాం, కరోనా అప్పుడు మూడు నెలలు బాకీ పెట్టినా అడగని మనుషులు. అందుకే ఫోన్ చేయకుండా బాక్సులన్నీ సంచిలో వేసుకుని నేనే వెళ్ళాను. కౌంటర్ మీద పోసి చూపించాను. అటువైపు నుంచి వచ్చిన మొదటి మాట: "ఎలక్ట్రికల్ ఐటమ్‌కి గ్యారంటీ ఉండదు కదా, నీకు తెలియంది ఏముంది." సరే, అది ప్రతి కొట్టులోనూ గోడ మీద రాసి ఉండేదే. త్రాసు సంగతి చెప్పాను, రెసిన్ తవ్విన బాక్సు చూపించాను. దాన్ని చేతిలోకి కూడా తీసుకోకుండా "నువ్వు విప్పేశాక దాన్ని ఎవడు తీసుకుంటాడు, మీ కుర్రాడు ఎర్త్ సరిగ్గా కలిపి ఉండడు" అన్నారు. పక్కన ఇంకో ఊరి మెకానిక్‌లు ఇద్దరు నిలబడి వింటున్నారు. సరుకు చెడ్డదొచ్చింది, నేనూ మోసపోయాను అంటే పోనీలే అనుకుని టీ తాగి వచ్చేవాణ్ణి. మా కుర్రాడి ఎర్త్ అన్నారు. ఉన్న బాకీ అక్కడికక్కడే కట్టేసి, చీటీ మీద సంతకం పెట్టించుకుని బయటికొచ్చాను. మళ్ళీ ఆ మెట్లెక్కను.

ఇక అసలు తేల్చుకోలేనిది తిరిగొచ్చాక మొదలైంది. ఆగిపోయిన బళ్ళకి మార్చాలి, అందులో ఆలోచించేదేం లేదు. మరి నడుస్తున్న వాటి సంగతి? లాట్‌లో అన్నీ చెడ్డవే అని ఎలా చెప్తాను? స్కూలుకీ ఇంటికీ మధ్య రెండు కిలోమీటర్లు తిరిగే మేస్టారి బండిలో ఆ బాక్సు ఎప్పటికీ వేడెక్కకపోవచ్చు, ఆయనకి తెలియనే తెలియదు. "నడిచే బండిని కెలకడమెందుకు" అని మా ఆవిడ అంది, ఆమె మాట కొట్టిపారేసేది కాదు. కంపెనీ బాక్సు నేను తెచ్చేదానికి రెండింతల పైనే ఉంటుంది. అన్నిటికీ మార్చాలంటే కొత్త కంప్రెసర్ కోసం పాడుకున్న చీటీ డబ్బులు పోతాయి. సగం మీరు, సగం నేను అందామా అనుకున్నాను. ఆగినప్పుడు తెండి, అప్పుడు చూద్దాం అందామా అనుకున్నాను. రాత్రి ఒకటి అనుకోవడం, పొద్దున్నే ఇంకోటి అనుకోవడం. ఒకసారైతే ఫోన్లు చేయమని మా మేనల్లుడికి రిజిస్టర్ ఇచ్చి, వాడు మొదటి నంబర్ కొట్టేలోపు వెనక్కి లాక్కున్నాను.

అప్పుడు కాళ్ళ ఊరి వైపు రొయ్యల చెరువులు చేసే అన్న వచ్చాడు. రాత్రి రెండింటికి కరెంట్ పోతే నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయాయని కాపలా కుర్రాడు ఫోన్ చేశాడట. జనరేటర్ వేయకపోతే ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది, ఇక్కడ ఎవరికైనా తెలుసు. బండి వేసుకుని బయల్దేరితే సగం దారిలో ఆగిపోయింది. గట్టు మీద చీకట్లో నడిచి వెళ్ళి జనరేటర్ వేశాడు, రొయ్య దక్కింది. పొద్దున్నే బండి నెట్టుకుంటూ వచ్చి, నన్ను ఒక్క మాట అనలేదు. పర్సు తీసి "ఇంకో బాక్సు ఎంతవుతుంది తమ్ముడూ" అన్నాడు. తిట్టి ఉంటే తిరిగి నాలుగు మాటలు అనేవాణ్ణేమో. రెండోసారి డబ్బులివ్వడానికి తీసిన ఆ పర్సు చూశాక నాకు చీటీ గుర్తు రాలేదు.

పైగా లెక్క చూసుకున్నా అంతే. ఇప్పటిదాకా ఆగినవన్నీ చలికాలంలో ఆగాయి. సంక్రాంతి వెళ్ళిపోయింది, ఇక ఎండలు ముదురుతాయి. ఈ చలిలోనే విడిపోయిన సోల్డర్ రోహిణీ కార్తెలో ఏం నిలబడుతుంది? అందుకే నడిచేవీ నడవనివీ అన్నీ రమ్మంటున్నాను, ఖర్చు మొత్తం నాదే.

ఇకనుంచి సీడీఐ, హెచ్‌టీ కాయిల్, పల్సర్ కాయిల్ ఈ మూడూ కంపెనీవే వేస్తాను. రేటు ఎక్కువవుతుంది, ముందే చెప్పి వేస్తాను. "అంత ఎందుకు, లోకల్‌ది వెయ్యి, ఎలాగూ అమ్మేసే బండే" అంటే దండం పెట్టి పక్క షెడ్ చూపిస్తాను. బయట కొనుక్కొచ్చి ఫిట్టింగ్ ఒక్కటే చేయమన్నా చేయను, దగ్గరవాళ్ళైనా సరే. మొహమాటాల్లేవు. లోకల్ బాక్సుల్లో నిప్పు కొట్టే టైమింగ్ కూడా ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది, బండి స్టార్ట్ అవుతుంది కానీ పికప్ తగ్గి ఇంజన్ వేడెక్కుతుంది, చివరికి ఆ మాట కూడా నా మీదకే వస్తుంది.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ రూల్ వచ్చాక కొన్న ఇంజెక్షన్ బళ్ళవాళ్ళకి ఇదేం సంబంధం లేదు. వాటిలో విడిగా సీడీఐ ఉండదు, ఆ పని బండిలో ఉండే చిన్న కంప్యూటర్, ఈసీయూ, చూసుకుంటుంది. మీరు కంగారుపడి రాకండి. ప్లగ్గు మార్పించినప్పుడు మాత్రం నంబర్‌లో ఆర్ అక్షరం ఉన్న రెసిస్టర్ ప్లగ్గే వేయించుకోండి, లేకపోతే ఈసీయూకి డిస్టర్బెన్స్ వస్తుంది.

పని అరగంట లోపే అయిపోతుంది. కప్లర్ పిన్నులు కూడా శుభ్రం చేసి ఇస్తాను, దానికీ డబ్బులొద్దు. కంపెనీ బాక్సులు విడతలుగా వస్తున్నాయి కాబట్టి రాత్రిపూట చెరువుల మీదకి వెళ్ళేవాళ్ళకీ, తెల్లవారుజామున పాలు పోసేవాళ్ళకీ ముందు వేస్తాను. మిగతావాళ్ళు ఏమీ అనుకోవద్దు, ఫోన్ చేసి రండి. రిజిస్టర్‌లో నంబర్ ఉన్నవాళ్ళకి మా మేనల్లుడే చేస్తాడు. బండి అమ్మేసి ఉంటే కొన్నాయనకి చెప్పండి, ఆయనకీ మార్చి ఇస్తాను. తీసిన బాక్సు మాత్రం నా దగ్గరే వదిలేయాలి. స్పేర్‌గా ఉంటుందిలే అని ఇంటికి పట్టుకెళ్తే రేపు ఇంకో బండికి ఎక్కుతుంది. ఈ గురువారం షెడ్ తీయను, మా చెల్లెలి కొడుకు అన్నప్రాసన.