బిలుండ్ నుంచి నాన్నగారికి

మహారాజశ్రీ నాన్నగారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరమూ క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందని తెలిసి కుదుటపడ్డాము.

ఐదేళ్లు నిండిన పిల్లకు అక్షరాలు దిద్దించకుండా రోజంతా ప్లాస్టిక్ ఇటుకలతో ఆడనిస్తున్నారేమిటని అడిగారు. డెన్మార్క్‌లో పిల్లలు ఆరేళ్ల వయసులో బడిలో సున్నా తరగతికి వెళతారు. అంతవరకు కిండర్‌గార్టెన్‌లో ఆటకే పెద్దపీట. ఆ ఆటలో ఏమి జరుగుతుందో నేను చూసినంత రాస్తాను.

మొన్న సాయంత్రం వెళ్లేసరికి నలుగురు పిల్లలు నేల మీద ఓడరేవు కడుతున్నారు. వేసవిలో మీరు నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు పడవ మీద గోదావరి దాటించిన సంగతి గుర్తుంచుకున్న మీ మనవరాలు, పడవకు గోడలు ఉండరాదని, మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, మనుషులు అన్నీ ఒకే బల్ల మీద ఉండాలని పట్టుబట్టింది. గోడలు లేకపోతే సముద్రంలో పడిపోతారని ఒక కుర్రవాడి అభ్యంతరం. ఇది సముద్రం కాదు, గోదావరి అని ఈమె వాదన. చివరకు ఇటు నది, కాస్త దిగువన సముద్రం అని రాజీ కుదిరింది. మన అంతర్వేది భూగోళాన్ని వాళ్లంతట వాళ్లే తేల్చుకున్నారన్నమాట! ఒకే ఎర్ర ఇటుక కాసేపు టికెట్టు, కాసేపు రొట్టె, ఆ తరువాత పడవ నడిపే సరంగు ఫోను అయింది. వేషం దొరకని ఒక పిల్ల తానే గాలినని ప్రకటించింది. ఇక పడవ ఎప్పుడు కదలాలో ఆమె చెప్పినట్టే మిగతా ముగ్గురూ విన్నారు. పక్కనే కూర్చున్న టీచరు నోరు మెదపలేదు. ఆ ఓర్పు నాకు లేదు.

ఈ ఇటుకలు పుట్టినది మా ఊళ్లోనే. 1932లో ఓలే కిర్క్ క్రిస్టియన్సెన్ అనే వడ్రంగి చెక్క బొమ్మలతో మొదలుపెట్టిన లెగో సంస్థ, ఇటుక లోపల గొట్టాలు అమర్చి ఒకదానినొకటి గట్టిగా పట్టుకునేలా చేసిన పద్ధతికి 1958లో పేటెంటు కోరింది. ఆనాటి ఇటుక ఈనాటి ఇటుకకు అతుకుతుంది కనుక, ఎవరింటి పాత డబ్బా తెచ్చినా అందరి ఆటలో కలిసిపోతుంది. ఎనిమిది బొడిపెల ఇటుకలు ఒకే రంగువి ఆరు ఉంటే వాటిని 91,51,03,765 విధాలుగా కలపవచ్చని లెక్కగట్టారు. లెక్కల మాస్టారు కాబట్టి మీకు ఇది నచ్చుతుంది; పిల్లలకు మాత్రం ఆ ఇటుకలు ఏమిటో నలుగురూ ఒప్పుకోవడమే అసలు పని.

పుట్టినరోజుకు, అట్ట మీది బొమ్మ చూసి అచ్చం అలాగే కట్టే ఇటుకల పెట్టె కొనవద్దు. అది ఒక్కరు మౌనంగా పూర్తిచేసి అలమారలో పెట్టే వస్తువు. డబ్బు పంపదలిస్తే విడి ఇటుకలు కొంటాను.

పంటు రేవుకు ఆనినప్పుడు తాడు ఎవరు విసురుతారు, ఎవరు అందుకుంటారు అని మీ మనవరాలు అడుగుతోంది. గాలిగా ఉన్న పిల్లకు, సరంగుకు దీని మీద తగవు నడుస్తోంది. వివరంగా రాయగలరు.

ఇట్లు
మీ కుమారుడు