ఆయన ఒప్పుకోలేదు, చెప్పారు

సంపాదకులకు నమస్కారాలు.

గత ఆదివారం మీ సినిమా పేజీలో బ్రిటిష్ నటుడు సర్ ఇయాన్ మెక్‌కెలెన్ గురించి వచ్చిన పరిచయ వ్యాసం చదివాను. ఆయన గురించి తెలుగులో రాసేవారు అరుదు కనుక ముందుగా మీకు కృతజ్ఞతలు. అయితే "తాను స్వలింగ సంపర్కుడినని 1988లో ఒప్పుకున్నారు" అన్న వాక్యం దగ్గర నా చదువు ఆగిపోయింది. మన భాషలో నేరం చేసినవాడు ఒప్పుకుంటాడు, పట్టుబడ్డ దొంగ ఒప్పుకుంటాడు. మెక్‌కెలెన్‌ను ఆ రోజు ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ నిలదీయలేదు.

ఆ రోజు జరిగింది ఇది. స్థానిక సంస్థలు స్వలింగ ప్రేమను 'ప్రోత్సహించకూడద'నీ, అలాంటి జంటల జీవితం కూడా ఒక కుటుంబమేనని బడులలో బోధించరాదనీ చెప్పే నిబంధన మార్గరెట్ థాచర్ ప్రభుత్వ మద్దతుతో పార్లమెంటు ముందుకు వచ్చింది. సెక్షన్ 28గా పేరుపడిన ఆ నిబంధనపై 1988 జనవరిలో బీబీసీ రేడియో 3లో చర్చ పెట్టారు. ఒకవైపు దానిని సమర్థించే పత్రికా సంపాదకుడు పెరెగ్రీన్ వర్స్‌థోర్న్, మరోవైపు మెక్‌కెలెన్. ఎవరో బయటివారి గురించి మాట్లాడుతున్నట్టు సాగుతున్న ఆ చర్చలో, ఈ చట్టం తనలాంటి స్వలింగ ప్రేమికులను అవమానిస్తోందని ఆయన అన్నారు. అంటే అది వాదంలో భాగంగా, ఒక చట్టాన్ని ఎదిరిస్తూ చెప్పిన మాట. అప్పటికి ఆయనకు 48 ఏళ్లు.

ఆ వయసు వరకు ఎందుకు ఆగారని అడిగేవారు ఆయన పెరిగిన కాలాన్ని కూడా చూడాలి. 1939లో లాంకషైర్‌లోని బర్న్‌లీలో పుట్టి, విగన్, బోల్టన్ పట్టణాలలో పెరిగి, కేంబ్రిడ్జ్‌లో చదివి, 1961లో కోవెంట్రీలో వృత్తి నటుడిగా రంగస్థలం ఎక్కిన ఆ మనిషికి 28 ఏళ్లు నిండేదాకా ఇంగ్లండ్‌లో పురుషుల మధ్య ప్రేమ జైలుశిక్ష పడే నేరం. 1967లో ఆ చట్టం సడలినా, 21 ఏళ్లు దాటినవారికి, అదీ నాలుగు గోడల మధ్య మాత్రమే మినహాయింపు దక్కింది. 1976లో జూడీ డెంచ్‌తో కలిసి ఆయన నటించిన 'మాక్‌బెత్' నాటకాన్ని నాటకప్రియులు నేటికీ చెప్పుకుంటారు. 1979లో లండన్ రాయల్ కోర్ట్ థియేటర్‌లో నాజీ నిర్బంధ శిబిరంలోని స్వలింగ ప్రేమికుడి పాత్ర వేశారు. 1981లో న్యూయార్క్ బ్రాడ్వే రంగస్థలంపై 'అమాడియస్' నాటకంలోని సాలియెరి పాత్రకు, నాటకరంగ పురస్కారమైన టోనీ అవార్డు అందుకున్నారు. వేదిక మీద ఆ ఖైదీగా అంత ధైర్యంగా నిలబడ్డ నటుడు తన గురించి మాత్రం బహిరంగంగా ఒక్క మాట అనలేకపోయారంటే, ఆ మౌనం బరువెంతో ఊహించుకోవచ్చు.

ఆ బరువు దిగాక నటన మారిందని ఆయనే పలు సందర్భాలలో చెప్పారు. అంతకుముందు తనకు నటన అంటే మారువేషమనీ, తరువాత నిజం చెప్పడమైందనీ ఆయన మాటల సారాంశం. తల్లి ఆయన 12వ ఏట, తండ్రి 24వ ఏట పోయారు కనుక, కన్నవారికి ఈ సంగతి చెప్పే అవకాశం ఆయనకు దొరకలేదు. సవతి తల్లికి చెబితే, తనకు ఏనాడో తెలుసునని ఆమె అన్నారట.

ఇలా బయటపడితే అవకాశాలు పోతాయన్న భయం మన చిత్రసీమలోనే కాదు, హాలీవుడ్‌లోనూ ఉంది. మెక్‌కెలెన్ విషయంలో మాత్రం జనం ఎరిగిన పాత్రలన్నీ 1988 తరువాతివే. 1998 నాటి 'గాడ్స్ అండ్ మాన్‌స్టర్స్'లో స్వలింగ ప్రేమికుడైన దర్శకుడు జేమ్స్ వేల్ పాత్రకు ఉత్తమ నటుడిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది. 2000లో 'ఎక్స్-మెన్'లో మాగ్నెటో, 2001లో 'ద లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో మాంత్రికుడు గాండాల్ఫ్ పాత్రలు వచ్చేసరికి ఆయన అరవై దాటారు. మన ఇళ్లలో పిల్లలు ఆ గడ్డపు మాంత్రికుణ్ణి చూసి మురిసిపోతున్నప్పుడు నటుడి వ్యక్తిగత జీవితం ఎవరికీ అడ్డురాలేదు. (నా మటుకు నాకు గాండాల్ఫ్ కన్నా 1995లో షేక్‌స్పియర్ నాటకం ఆధారంగా వచ్చిన చిత్రంలోని మూడవ రిచర్డ్ రాజే ఎక్కువ ఇష్టం. ముప్పై ఏళ్లు షేక్‌స్పియర్ పాఠం చెప్పినవాడి పక్షపాతం అనుకోండి.)

ఆయనను విమర్శకు అతీతుడిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. 1991లో 'సర్' బిరుదు స్వీకరించినప్పుడు, సెక్షన్ 28 తెచ్చిన ప్రభుత్వం చేతుల మీదుగా గౌరవం పుచ్చుకోవడమేమిటని దర్శకుడు డెరెక్ జార్మన్ గార్డియన్ పత్రికలో తప్పుపట్టారు. దానికి జవాబుగా కొందరు స్వలింగ ప్రేమిక కళాకారులు మెక్‌కెలెన్‌ను సమర్థిస్తూ అదే పత్రికకు ఉమ్మడి లేఖ రాశారు. జార్మన్ ప్రశ్నలో న్యాయం ఉందనే నా అభిప్రాయం. కానీ 1989లో మెక్‌కెలెన్ మరికొందరితో కలిసి స్థాపించిన, స్వలింగ ప్రేమికుల హక్కుల కోసం పనిచేసే స్టోన్‌వాల్ సంస్థ మంత్రుల గదులలో కూర్చుని వాదించే పద్ధతిని ఎంచుకుంది. సెక్షన్ 28 స్కాట్లాండ్‌లో 2000లో, ఇంగ్లండ్, వేల్స్‌లలో 2003లో రద్దయింది.

2016లో ఆయన ముంబై వచ్చినప్పుడు అప్పటి మన శిక్షాస్మృతిలో స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ గురించి కూడా మాట్లాడారు. అది బ్రిటిష్‌వారు 1860లో మనకు అంటగట్టిన చట్టమే కదా. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా, వయోజనులు ఇష్టపూర్వకంగా కలిసి ఉన్నా ఇక్కడ అది నేరమే. మీ వ్యాసకర్త వాడిన క్రియాపదం బహుశా ఆ కాలపు పోలీసు భాష నుంచి పత్రికలలోకి వచ్చి, అలవాటుగా మిగిలిపోయి ఉంటుంది. 'సంపర్కుడు' అన్న మాటదీ అదే దారి. ఒక మనిషి జీవితాన్నంతా పడకగదికి కుదించే మాట అది.

85 ఏళ్ల వయసులో, 2024 జూన్‌లో, లండన్ వేదిక మీద షేక్‌స్పియర్ సృష్టించిన ఫాల్‌స్టాఫ్ పాత్రలో ఉండగా కిందపడి ఆసుపత్రి పాలైన ఈ నటుడి గురించి మీరు మళ్లీ రాయవలసిన సందర్భాలు వస్తాయి. అప్పుడు 'ఒప్పుకున్నారు'కు బదులు 'చెప్పారు' అని అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆంగ్లోపన్యాసకుడు,
తెనాలి.