మూడో ల్యాప్‌లో ముందుకు వెళ్లకు

అమ్మలూ,

కాన్ఫరెన్స్ మీట్‌లో, అంటే మీ కాలేజీల కూటమి పోటీల్లో, 10,000 మీటర్లకూ 5,000 మీటర్లకూ నీ పేరే ఇచ్చారని చెప్పినప్పుడు నీ గొంతులో సగం సంతోషం, సగం ఫిర్యాదు వినిపించాయి. ఇంతలో మీ అమ్మ తిండి సంగతి ఎత్తుకుంది, నేను చెప్పదలచుకున్నది చెప్పనే లేదు. అందుకే రాస్తున్నాను. ఉత్తరమైతే మధ్యలో నువ్వు ‘తెలుసు నాన్నా’ అనడానికి వీలుండదు.

ఈ సీజన్ అంతా నువ్వు గడియారంతో పోటీపడ్డావు. మామూలు మీట్‌లలో అది సరైన పనే. అక్కడ అందరికీ మంచి టైమింగ్ కావాలి. వేగం నిలబెట్టడానికే పెట్టిన పేసర్ ముందు లాగుతుంటే మిగతావాళ్లు వరుసగా వెనక కుదురుకుంటారు. చాంపియన్‌షిప్‌లో పేసర్ ఉండడు, ముందుండే పని ఎవరికీ అక్కర్లేదు. మొదటి మూడు నాలుగు కిలోమీటర్లు మీరు రోజూ చేసే సాధనకంటే నెమ్మదిగా సాగినా ఆశ్చర్యం లేదు. అప్పుడు నీకు చిరాకు వస్తుంది. పోయిన ఏడాది ఇదే మీట్ వీడియోలో అది స్పష్టంగా కనిపిస్తుంది: మూడో ల్యాప్‌లో, అంటే ట్రాక్ చుట్టూ మూడో చుట్టులో, భుజాలు బిగుస్తాయి, ఒకసారి పక్కకు చూస్తావు, ఇక ఆగలేక ముందుకు వెళ్లిపోతావు. చూసేవాళ్లు దాన్ని ధైర్యం అన్నారు. నాకు మాత్రం ఓపిక లేకపోవడంలాగే కనిపించింది. గాలంతా నువ్వు మోశావు, నీ నీడలో హాయిగా వచ్చినవాళ్లు చివరి రెండు ల్యాప్‌లలో నిన్ను దాటుకుంటూ పోయారు.

ముందు పరుగెత్తడమే తప్పని నేను అనడం లేదు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ 5,000 మీటర్ల ఫైనల్ వీలైతే ఒకసారి చూడు. స్టీవ్ ప్రిఫాంటైన్‌కు అప్పుడు 21 ఏళ్లు, ఒరెగాన్ యూనివర్సిటీ విద్యార్థి, అంటే ఇంచుమించు మీ వయసు పిల్లవాడే. ఇంకో మైలు ఉందనగా ముందుకు వచ్చి వేగం పెంచాడు. ఫిన్లాండ్ లాసె విరెన్ గెలిచాడు, ట్యునీషియా గమూదీ రెండో స్థానం తీసుకున్నాడు, చివరి మీటర్లలో ఇయన్ స్టువర్ట్ కూడా దాటడంతో ప్రిఫాంటైన్ నాలుగో స్థానంలో మిగిలాడు. పతకం రాలేదు. అయినా ఆ పరుగును నేను తప్పుపట్టలేను. చివరి మైలు గట్టిగా పరుగెత్తుతానని అతను ఒలింపిక్స్‌కు ముందే నిర్ణయించుకున్నాడు, ఆ మాట బయటికి కూడా చెప్పాడు. నువ్వు కూడా ఇంత దూరం ఉందనగా కదులుతానని ముందు రోజే మీ కోచ్‌తో కూర్చుని తేల్చుకుంటే నాకు అభ్యంతరం లేదు. నేను వద్దనేది ట్రాక్ మీద, విసుగులో, అప్పటికప్పుడు తీసుకునే నిర్ణయాన్ని.

వెనక ఉండమంటే ఎక్కడో ఒకచోట ఉండమని కాదు. ఒక్కో లేన్ వెడల్పు 1.22 మీటర్లు. వంపుల్లో ఒక లేన్ బయటికి జరిగితే ల్యాప్‌కు 7 మీటర్లకు పైగా అదనంగా పరుగెత్తాలి. 10,000లోని 25 ల్యాప్‌లూ పూర్తిగా రెండో లేన్‌లోనే తిరిగితే అదనం దాదాపు 190 మీటర్లు, అంటే ఇంచుమించు అర ల్యాప్! అలాగని లోపలి కట్టను అంటిపెట్టుకుంటే ముందొకరు, పక్కనొకరు కమ్ముకుంటారు. ముందువాళ్లు కదిలినప్పుడు నీకు దారి దొరకదు. ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. అదనపు దూరం పడేది వంపుల్లోనే, తిన్నగా ఉన్న భాగంలో కాస్త బయటికి జరిగినా నష్టమేమీ లేదు. కాబట్టి వంపులో లోపలికి సర్దుకో, బయటికి రావాలన్నా స్థానం మెరుగుపరచుకోవాలన్నా ఆ పని తిన్నని భాగంలో చెయ్యి. మూడో స్థానం, నాలుగో స్థానం, ముందు పరుగెత్తుతున్నామె కుడి భుజం వెనక. నా లెక్కలో 8 కిలోమీటర్ల దాకా నీ చోటు అదే.

నెమ్మదిగా సాగే గుంపులో కాళ్లకు కాళ్లు తగులుతాయి. పడితే లే. లేచాక ఒక్క ల్యాప్‌లోనే గుంపును అందుకోవాలని చూడకు, రెండు మూడు ల్యాప్‌లు తీసుకో. విరెన్ అదే మ్యూనిక్‌లో 10,000 ఫైనల్ మధ్యలో పడిపోయాడు. లేచి, గుంపును అందుకుని, ప్రపంచ రికార్డుతో గెలిచాడు.

ఇప్పుడు నీ ఫిర్యాదు సంగతి. మొదటి రోజు 10,000 పరుగెత్తి, చివరి రోజు 5,000కు వచ్చేసరికి కాళ్లు పనిచేయవని, ఆ ఒక్క పోటీకే తాజాగా వచ్చినవాళ్ల చేతిలో ఓడిపోతానని అన్నావు. ఓడిపోవచ్చు. కానీ మీ కోచ్ నిన్ను అక్కడ గెలవడానికి దింపడం లేదు. మొదటి ఎనిమిది స్థానాలకు 10, 8, 6, 5, 4, 3, 2, 1 పాయింట్లు. అలసిన కాళ్లతో నువ్వు ఆరో స్థానం తెచ్చినా జట్టుకు మూడు పాయింట్లు. నాలుగు వందల మీటర్లు పరుగెత్తే అమ్మాయి, ఈటె విసిరే అమ్మాయి తెచ్చిన పాయింట్ల పక్కన అవీ చేరతాయి. ఏడాదంతా ఒంటరిగా కిలోమీటర్లు లెక్కపెట్టుకునే మీ దూరపు పరుగువాళ్లకు జట్టు అనేది నిజంగా కనిపించేది ఈ మూడు రోజుల్లోనే. నాకైతే నీ 5,000 మీదే ఎక్కువ ఆసక్తి ఉంది, నమ్మినా నమ్మకపోయినా.

హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో, 2023లో, పారుల్ చౌధరి ఒక రోజు 3,000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో (అడ్డంకులు, నీటిగుంట దాటుతూ పరుగెత్తే పోటీ) రజతం తీసుకుని మర్నాడే 5,000 పరుగెత్తింది. చివరి మలుపు తిరిగాక కూడా జపాన్ అమ్మాయి హిరోనాకాయే ముందుంది. ఆఖరి మీటర్లలో లోపలి వైపునుంచి దూసుకొచ్చి పారుల్ 15:14.75తో స్వర్ణం గెలిచింది. ముందు రోజు అలసట ఆ కాళ్లలో లేదని ఎవరంటారు? ఆమె తెలివి ఏమిటంటే చివరిదాకా అనవసరంగా ఏమీ ఖర్చుపెట్టలేదు. నీకు మధ్యలో ఒక రోజు విశ్రాంతి కూడా ఉంది.

10,000 అయిపోగానే గడ్డి మీద కూలబడి ఫోను తీయకు. కాసేపు నెమ్మదిగా పరుగెత్తు, అరగంట లోపు ఏదో ఒకటి తిను, ఆకలి లేకపోయినా సరే. తిండి గురించి మీ అమ్మ రాయమన్నది కూడా ఇక్కడే రాసేస్తాను. నెలసరి ఆగిపోతే శిక్షణ బాగా సాగుతోందని అనుకునే అమ్మాయిలు ఇంకా ఉన్నారట. అది శుద్ధ తప్పు. చేసే శ్రమకు తిండి చాలడం లేదని శరీరం చెప్పే మాట అది. పట్టించుకోకపోతే ఎముకలు బలహీనపడి స్ట్రెస్ ఫ్రాక్చర్ దాకా, అంటే పదేపదే పడే ఒత్తిడికి ఎముక చిట్లేదాకా, వస్తుంది. ఐరన్ పరీక్ష సీజన్ అయ్యాక కాదు, ఈ వారమే చేయించుకో. జట్టులో ఎవరైనా తిండి మానేసి ‘తేలికగా’ ఉన్నానని చెబితే ఆ మాట నీలోనే దాచుకోకు, డాక్టరుకు చెప్పు.

10,000 ఎవరూ చూడరనీ, సగం మంది జనం లేచి వెళ్లిపోతారనీ నవ్వుతూ అన్నావు. పోనీ. నేను బడిలో చదువుకునే రోజుల్లో ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు ఆ పోటీయే లేదు. 1928లో 800 మీటర్లు పరుగెత్తి అలసిపోయారన్న సాకుతో దాన్నే తీసేసి 1960 దాకా తిరిగి పెట్టలేదు. 10,000 వచ్చింది 1988లో, 5,000 అయితే 1996లో. అలసిపోవడం మగవాళ్లకు వీరత్వం, ఆడవాళ్లకు అనర్హత! ఆ పెద్దమనుషుల తర్కం ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

ఇంకొక్క మాట. గీత దాటేదాకా గడియారం వైపు తల తిప్పకు. 2022 కామన్వెల్త్ స్టీపుల్‌చేజ్‌లో అవినాశ్ సాబ్లేకూ స్వర్ణానికీ మధ్య తేడా సెకనులో 0.05. నీ పక్కన వచ్చే అమ్మాయి కంటే ఛాతీ ముందు పెడితే నాలుగుకు బదులు అయిదు పాయింట్లు.

ఇక్కడ మేము ఫోనులో ప్రసారం పెట్టుకుంటాం. బెల్ మోగగానే మీ అమ్మ కళ్లు మూసుకుంటుంది, చివరి ల్యాప్ ఎలా జరిగిందో తర్వాత నువ్వే చెప్పాలి. ఎవరెవరు పరుగెత్తుతున్నారో చెప్పే స్టార్ట్ లిస్టు రాగానే పంపు. పోయినసారి నీ వెనకే నక్కి వచ్చి గెలిచిన ఆ అమ్మాయి 5,000 కూడా పరుగెత్తుతోందో లేదో చూడాలి.

మీ నాన్న