అప్పు లెక్క ఇంటివాళ్లకు చెప్పాలి

సంపాదకులకు,

శ్రీలంక 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఉన్నట్టుండి నిషేధించి రైతు నడ్డి విరిచింది. తప్పు దిద్దుకునేసరికే పంట పోయింది. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమంది. జూలైలో అధ్యక్షుడు గొటబాయ దేశం విడిచి పారిపోయారు.

మనమూ 1991లో విదేశీ చెల్లింపులకు డబ్బు చాలక 47 టన్నుల బంగారం తాకట్టు పెట్టాం. ఆ ఏడాది జూలైలోనే ప్రధాని పీవీ ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. నవంబరులో లోక్‌సభ ఉపఎన్నికలో మా నంద్యాల ఆయన్ని భారీ మెజారిటీతో గెలిపించింది.

విత్తనాల కోసం అమ్మ గాజులు బ్యాంకులో పెట్టిన రోజు, నాన్న మమ్మల్నందరినీ కూర్చోబెట్టి ఎన్ని తులాలు, ఎంత వడ్డీ, ఎప్పుడు విడిపిస్తామో చెప్పాడు. అమ్మ బోసి చేతులు ఇంకా గుర్తే. నాయకులూ అలా చెప్పాలి. రాష్ట్రం అప్పుల లెక్కను మూడు నెలలకోసారి ప్రతి గ్రామ సచివాలయం గోడ మీద తెలుగులో అంటించాలి.

– ఒక రైతుబిడ్డ, పత్తికొండ, కర్నూలు జిల్లా