ఫోటో కాదు, రంగులు చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను అనంతపురంలో ఇంట్లోనే కేకులు చేసి ఇస్తుంటాను. కేకుల్లో రంగులు ప్రమాదం అని పేపర్లో, టీవీలో వార్త వచ్చిన ప్రతిసారీ "రంగు లేకుండా చేస్తారా మేడం" అని వరసగా ఫోన్లు వస్తాయి. మళ్లీ అదే వారంలో అదే కాలనీ నుంచి ఇంకొకరు, నల్లటి ఫాండెంట్ మీద బంగారు రంగు కారుతున్నట్టున్న కేకు ఫోటో వాట్సాప్‌లో పంపి సాయంత్రానికల్లా కావాలంటారు. ఈ రెండు రకాల వాళ్లకూ చెప్పాల్సిన మాట ఒకటుంది, అది మీ పాఠకులకు చేరాలనే ఈ ఉత్తరం.

ఫాండెంట్ అంటే పంచదార పొడి, గ్లూకోజ్ సిరప్, గ్లిజరిన్, ఏదో ఒక జిగురు కలిపి చపాతీ పిండిలా పిసికిన ముద్ద. దాన్ని పల్చగా వత్తి కేకు మీద కప్పుతాం. ఎనిమిది అంగుళాల కేకుకు ముప్పావు కిలో దాకా పడుతుంది. అది నల్లగానో ముదురు ఎరుపుగానో కావాలంటే ఆ ముద్ద మొత్తానికీ రంగు పట్టించాలి, ఎంత వేసినా ఓ పట్టాన ఆ ముదురు రాదు, తిన్న పిల్లల నాలుకలు కూడా నల్లబడతాయి. అదే తెల్ల ఫాండెంట్ కప్పి, ఆరనిచ్చి, పైన కుంచెతో పూస్తే రంగు పైపొరకే పరిమితం. కొన్ని చుక్కలతో కేకంతా నిండిపోతుంది. అంటే చూడ్డానికి రంగులమయంగా కనిపించే ఆబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్ (బొమ్మంటూ లేకుండా రంగుల పూతలు, గీతలతోనే వేసే) కేకులో, ఒకే ముదురు రంగు ఫాండెంట్ కేకులో కన్నా రంగు చాలా తక్కువ ఉంటుంది. ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఇక ఫోటో విషయం. ఫోన్లో చూపించే ఆ కేకు మీదవి ఎవరో వాళ్ల చెయ్యి తిరిగిన తీరులో లాగిన గీతలు. మక్కీకి మక్కీ దించమంటే బిగుసుకుపోయిన నకలే వస్తుంది తప్ప ఆ ఊపు రాదు. దాని బదులు మీకు ఇష్టమైన రంగులు చెప్పండి. ఆ మధ్య ఒకామె అమ్మానాన్నల షష్టిపూర్తికి కేకు చెప్పడానికి వచ్చి, ఫోటో చూపించకుండా వాళ్లమ్మ పెళ్లినాటి ధర్మవరం పట్టుచీర తెచ్చి టేబుల్ మీద పరిచింది. చీరంతా నెమలి కంఠం రంగు, ఎర్రంచు, జరీ కాస్త నల్లబడింది. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు కాబట్టి కిటికీ వైపు తిప్పితే నీలం, ఇటు తిప్పితే పచ్చ. కేకు మీద బుటాలు గానీ అంచు గానీ వేయలేదు. పచ్చ పూత పూసి, అది బాగా ఆరాక పైన పల్చగా నీలం లాగాను, అక్కడక్కడా కింది పచ్చ కనబడేట్టు వదిలేశాను, అడుగున ఒక పక్క మాత్రం ఎర్రటి రాయల్ ఐసింగ్‌ను (పంచదార పొడితో చేసే, ఆరితే గట్టిపడే పూత) పాలెట్ నైఫ్ అనే బల్లపరుపు కత్తితో మందంగా ఒత్తాను. చూడగానే వాళ్లమ్మ తన చీరే అని పోల్చుకుందట.

కరువు సీమ అంటారు గానీ రంగులకు ఇక్కడ కరువు లేదు. లేపాక్షి గుడి కప్పు మీది 16వ శతాబ్దపు చిత్రాలు చూడండి, ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు, పచ్చ, ఇంత కొద్ది రంగులతోనే ఎంత పని చేశారో. నిమ్మలకుంట తోలుబొమ్మల్లో ఎరుపును పచ్చ పక్కన పెట్టే ధైర్యం చూడండి. ఇవన్నీ దగ్గర్లోనే ఉండగా ఎక్కడో విదేశంలో చేసిన కేకుకు నకలు ఎందుకు?

పనిలో ఉండే కష్టం కూడా కాస్త చెప్పాలి. జెల్ రంగును నీళ్లతో పల్చన చేస్తే పంచదార కరిగి పైపొర జిగటగా అయిపోతుంది. అందుకే త్వరగా ఆవిరైపోయే ఆల్కహాల్ ఉన్న ఎసెన్స్ వాడతాం, కొందరు వోడ్కా వాడతారు. ఈ మాట నేను ఆర్డర్ తీసుకునేటప్పుడే చెప్తాను. వద్దన్నవాళ్లకు, నూనెలో కలిసే రంగులను కరిగించిన కోకో బటర్‌లో (కోకో గింజల నుంచి తీసే కొవ్వు) కలిపి పూస్తాను, కానీ అది 34 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది, మన మే నెల ఎండల్లో ఏసీ గది లేకుండా కుదరదు. లేత రంగులు ముందు, ముదురువి తర్వాత. పసుపు తడిగా ఉండగానే వంకాయ రంగు తగిలిందా, రెండూ కలిసి బురద రంగు. మధ్యలో తెలుపు వదలాలి, అన్నిటికన్నా కష్టం అదే, ఇంకాస్త పూద్దామని చెయ్యి ఊరుకోదు. ఫ్రిజ్‌లోంచి తీసిన ఫాండెంట్ మీద తేమ పట్టి పూసిందంతా కారుతుంది కాబట్టి ఆరడానికి టైమ్ ఇవ్వాల్సిందే. కనీసం మూడు రోజుల ముందు చెప్పండి, సాయంత్రానికి కావాలనకండి. శాకాహారులైతే ఫాండెంట్‌లో జెలటిన్ ఉందా అని కూడా అడగండి, గుడ్డు లేనంత మాత్రాన సరిపోదు, జెలటిన్ జంతువుల నుంచి తీసేది. అది లేని ఫాండెంట్ కూడా దొరుకుతుంది.

అసలు భయపడాల్సింది మెరుపు పొడుల గురించి. మన దేశంలో ఆహారంలో వాడదగ్గ కృత్రిమ రంగులు టార్ట్రజీన్, సన్‌సెట్ ఎల్లో, కార్మోయిసిన్, బ్రిలియంట్ బ్లూ లాంటివి ఎనిమిదే, వాటికీ పరిమితి ఉంది. 2024లో తమిళనాడు, కర్ణాటక పీచు మిఠాయిలో వద్దన్న రోడమైన్ బి బట్టలకు వేసే రంగు. అదే ఏడాది కేకుల్లో రంగుల మీద కూడా కర్ణాటక హెచ్చరించింది. మన సరుకు చాలావరకు బెంగళూరు నుంచే వస్తుంది కదా. ఇక బంగారు, రోజ్‌గోల్డ్ పొడుల డబ్బాల మీద కొన్నిసార్లు "నాన్ టాక్సిక్" అని మాత్రమే ఉంటుంది. అలా రాసినంత మాత్రాన తినొచ్చని కాదు. 2018లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో పుట్టినరోజు కేకు తిని ఆరుగురు పిల్లలు వాంతులు చేసుకున్నారు, తీరా చూస్తే కేకు మీది రోజ్‌గోల్డ్ రంగులో ఉన్నది రాగి పొడి. ఇక్కడ ఒక షాపులో నాకు కూడా అలంకరణ పొడి చూపించి "అందరూ ఇదే వాడతారు మేడం" అన్నారు. డబ్బా మీద పదార్థాల జాబితా లేదు, ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరూ లేదు.

ఎడిటర్ గారూ, మీ జిల్లా పేజీలో రంగు డబ్బా మీద ఏమేం రాసి ఉండాలో ఒక చిన్న బాక్స్ కట్టి, ఫోటోతో సహా వేయండి. కేకు చెప్పేవాళ్లు దాన్ని ఫోన్లో పెట్టుకుని, వాడే రంగు డబ్బా చూపించమని అడగాలి. నన్ను అడిగినా చూపిస్తాను. ఫుడ్ సేఫ్టీ అధికారులు కూడా బేకరీలకే పరిమితం కాకుండా ఈ పొడులు అమ్మే షాపుల్లో శాంపిళ్లు తీయాలి, క్రిస్మస్, న్యూ ఇయర్ ఆర్డర్లు మొదలయ్యేలోపే తీస్తే మేలు.

ఇట్లు,
ఒక హోమ్ బేకర్, అనంతపురం